ఉప్పల్‌లో నడిచి నాచారంలో ఆగిన ర్యామ్ బిళ్ల

మా ఇంటికి వచ్చేనాటికే ఆ ల్యాప్‌టాప్ పాతది. అంతకుముందు దాన్ని వాడినవారెవరో గానీ, బ్యాక్‌స్పేస్ మీట అరిగిపోయి తెల్లబడింది. బాగా తప్పులు చేసే మనిషి అయ్యుంటాడని నేనన్నాను. అమ్మిన ఉప్పల్ దుకాణదారు, "కాదక్కా, మస్తు దిద్దుకునేటాయన" అని సర్దిచెప్పాడు. వెనక మూతకు ఒక స్క్రూ తక్కువుంది. మా ఆయన దాన్ని ఇంటికి తేగానే మొట్టమొదట ఆ స్క్రూ లోటు తీర్చాడు. ఆయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో బోల్టులు చేసే ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్. ఇంట్లో వదులుగా ఉన్న వస్తువేదైనా ఆయన కంటబడితే ఇక దాన్ని వదిలిపెట్టడు.

ల్యాప్‌టాప్ నా పని కోసం కొన్నాం. నాది మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. ఎక్కడో అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి, చూసిందంతా నోటితో చెప్పి రికార్డు చేస్తారు. అది ఇంటర్నెట్‌లో నాచారం వస్తుంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ, విన్నది విన్నట్టు టైపు చేసి పంపిస్తాను. పెడల్ తొక్కితే డాక్టరు మాట్లాడతాడు. కాలు తీస్తే మాట మధ్యలోనైనా ఆగిపోతాడు. అంత చెప్పినమాట వినే మగమనిషిని నేను అంతకుముందు చూడలేదు. కొందరు తింటూ మాట్లాడేవారు, కొందరు కారు నడుపుతూ మాట్లాడేవారు. ఒకాయన ప్రతి రిపోర్టు మధ్యలో తన కుక్కను కసిరేవాడు. కుక్కను మాత్రం రాయొద్దని కంపెనీ వాళ్లు ముందే చెప్పారు.

మొదట్లో మాదాపూర్ వైపు ఉన్న ఆఫీసుకే వెళ్లేదాన్ని. బస్సు దిగి బస్సెక్కి, కూర్చోడానికి చోటు దొరికితే ఆ రోజు పండగ. తర్వాత మా అత్తమ్మ బాత్రూములో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. దవాఖానా నుంచి ఇంటికొచ్చాక ఆమెను ఒక్కదాన్నే వదిలి ఎవరమూ బయటికి పోలేని పరిస్థితి. మాన్పించేస్తారనే అనుకున్నాను గానీ, కంప్యూటరూ ఇంటర్నెట్టూ ఉంటే ఇంటినుంచే చేయమన్నారు. అలా ల్యాప్‌టాప్ వచ్చింది, ముందు గదిలో కిటికీ పక్కన ఒక కుర్చీ నాదయింది.

అత్తమ్మ మంచం నడిమి గదిలో. అక్కడినుంచి ఒకవైపు నేనూ, ఇంకోవైపు వంటగదిలో దేవుని గూడూ కనిపిస్తాయి. ఆమె వీటిలో ఏదో ఒకదాన్ని చూస్తూ పొద్దు గడిపేది. మధ్యాహ్నం నేను హెడ్‌ఫోన్ తీయగానే అడిగేది.

"ఇయ్యాల ఎవలికి ఏమైందే?"

"ఒకామెకు గాల్‌బ్లాడర్ తీసేసిన్రు అత్తమ్మా."

"అయ్యో. పిల్లలున్నరా?"

"డాక్టరు గది చెప్పలే."

"గది చెప్పనోడు ఏం డాక్టరు?" అని ఆ డాక్టరును పక్కన పెట్టేసేది. పేర్లు నేను చెప్పకూడదు, ఆమెకూ అక్కర్లేదు. ఒక్కోసారి వారం తర్వాత, "గా గుండె జబ్బాయన ఎట్లున్నడు?" అని అడిగేది. నాకూ తెలుసుకోవాలని ఉండేది గానీ, మళ్లీ ఆయన సంగతి నా దగ్గరికి రాలేదు.

మొదటి దసరాకు ఒక గొడవ జరిగింది. ఏడాది పొడుగునా మా ఆయనకు ఆయుధపూజను మించిన పండుగ లేదు. ఆ రోజు ఫ్యాక్టరీలో మెషిన్లన్నీ తుడిచి, మోటార్లకు, స్టార్టర్ డబ్బాలకు, పానాల పెట్టెలకు పసుపు కుంకుమలు పెట్టి, గేటు ముందు గుమ్మడికాయ కొట్టి ఇంటికొస్తారు. ఆయన అంతటితో ఆగక, ఇంటి ముందు స్కూటర్‌కు పెట్టాడు, మిక్సీకి పెట్టాడు, ల్యాప్‌టాప్ తెరిచి తెర నడిమధ్యన పెద్ద బొట్టు పెట్టాడు. తడిబొట్టు. అది కారి మీటల మీదికి దిగింది. నేనొచ్చి చూసేసరికి మధ్య వరుస సగం ఎర్రగా ఉంది. ఇది నీ డ్రిల్లింగ్ మెషిన్ కాదు, దీనికి తడిచెయ్యి తగలొద్దు, నీ బొట్లూ నువ్వూ దీనికి దూరముండండి అన్నాను. ఇప్పుడైనా ఆ మాటే అంటాను. ఆయన పంచె చెంగుతో ఒక్కొక్క మీటా తుడిచి, ఆ తర్వాత ఏ పండుగకూ దాని జోలికి రాలేదు.

నా పని గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అనేవాడు కాదు. బాగుందనీ అనలేదు, వద్దనీ అనలేదు. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉంటే షిఫ్టు దిగి వచ్చి, తనే అన్నం పెట్టుకుని తిని, ప్లేటు కడిగేసి పడుకునేవాడు. అది ఒప్పుకోవడమో ఓర్చుకోవడమో నాకు తెలిసేది కాదు.

ఆ తర్వాతి ఎండాకాలం, మెట్రో పిల్లర్ల కోసం ఉప్పల్ రోడ్డంతా తవ్విపోసిన రోజుల్లో, ఒక గురువారం కంపెనీ నుంచి మేడమ్ ఫోన్ చేసింది. సోమవారం నుంచి సాఫ్ట్‌వేర్ మారుతోంది. ఉన్నదానికి రెట్టింపు మెమరీ కావాలి. "మా సిస్టమ్స్ వాళ్లు సోమవారం పదింటికి ఆన్‌లైన్‌లో మీ మెషిన్‌లోకి వచ్చి చూస్తారండి. సరిపోకపోతే మీరు ఆఫీసుకు రావాల్సి ఉంటుంది. రాలేమంటే మీ ఫైళ్లు వేరేవాళ్లకు ఇచ్చేస్తామండి" అంది. చాలా మర్యాదగా అంది. అత్తమ్మను వదిలి నేను మాదాపూర్ వెళ్లలేనని ఆమెకూ తెలుసు.

ఆ పని పోతే నాకేం పోతుందో ఇక్కడ చెప్పాలి. జీతం సంగతి కాదు, అదీ ఉందనుకోండి. నేను జనగామ దగ్గర తెలుగు మీడియంలో చదివినదాన్ని. పెళ్లయ్యాక చాలా ఏళ్లు, ఎవరన్నా నన్ను ఏం చేస్తావని అడిగితే మా ఆయన ఫ్యాక్టరీ గురించి చెప్పేదాన్ని. ఇప్పుడు ఆపరేషన్ పేరు ఎంత పొడుగున్నా తడబడకుండా రాస్తాను. నోట్లో బిస్కెట్ పెట్టుకుని మాట్లాడే డాక్టరు ఏమన్నాడో ఆఫీసులో ఎవరికీ అర్థం కాకపోతే, ఆ ఫైలు నాకు పంపేవారు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు నేను ఇంకొకరి భార్యనో కోడలినో అన్న సంగతి మర్చిపోయేదాన్ని. అది పోతుందంటే నాకు నిజంగానే భయమేసింది.

మా ఆయన షిఫ్టు దిగి వచ్చి, పెరట్లో చేతుల గ్రీజు కడుక్కుంటుంటే చెప్పాను.

ఆయన సబ్బు నురగ చూసుకుంటూ, "పోతే పోయింది తియ్. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. కూరలో ఉప్పు ఎక్కువైతే కూడా ఈ మనిషి ఇంతకన్నా ఎక్కువ బాధపడతాడు. లోపలికి వచ్చి గిన్నెలు కాస్త చప్పుడయ్యేటట్టు సర్దాను. మర్నాడు ఆయన షిఫ్టు దిగి, నాకు చెప్పకుండానే ఉప్పల్ వెళ్లి, ఒక ర్యామ్ కార్డు కొనుక్కొచ్చాడు. పొడుగ్గా, సన్నగా, ఒక అంచున బంగారు రంగు పళ్ల వరుసతో ఉంది. అత్తమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "గింత బిళ్లనా?" అంది. అప్పటినుంచి మా ఇంట్లో దాని పేరు బిళ్లే.

మెమరీ ఎక్కించడం పెద్ద పనేం కాదని దుకాణదారు చెప్పాడట. అడుగున చిన్న మూత ఉంటుంది. రెండు స్క్రూలు తీస్తే లోపల రెండు అరలు, ఒకదాంట్లో పాత బిళ్ల, రెండోది ఖాళీ. కొత్తదాన్ని ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కితే టక్కుమంటుంది, అంతే. మా ఆయన ఆ "అంతే"ను నమ్మలేదు. ముందు గదిలో పాత దుప్పటి పరిచి, దాని మీద ల్యాప్‌టాప్ బోర్లించి, స్క్రూలు వేయడానికి స్టీలు మూత పక్కన పెట్టుకున్నాడు.

"నువ్వు పో, నేను జూస్కుంట" అన్నాడు. నేను డాబా మీద బట్టలు తీసుకురావడానికి వెళ్లాను. వచ్చేసరికి బిళ్ల ఎక్కింది, మూత బిగింది, ఆయన చేతులు తుడుచుకుంటున్నాడు.

మీట నొక్కాను. లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. తెర నల్లగానే ఉంది. తర్వాత అది మూడుసార్లు కుయ్యిమని, కాసేపు ఆగి మళ్లీ మూడుసార్లు కుయ్యిమంది. మా ఆయన వంగి, బేరింగు చప్పుడు విన్నట్టు కీబోర్డుకు చెవి ఆనించి విన్నాడు. "ఏదో కావాలంటుంది" అన్నాడు. అది నాకూ తెలిసింది.

బిళ్ల తీసేస్తే ల్యాప్‌టాప్ ఎప్పటిలాగే వచ్చింది. పెడితే నల్లతెర, కూతలు.

శనివారం ఇద్దరం ఉప్పల్ వెళ్లాం. పక్కింటావిడను అత్తమ్మ దగ్గర కూర్చోబెట్టాం. మా ఆయన బిళ్లను కాగితంలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ దుకాణం రింగురోడ్డుకు దగ్గర్లో, మిర్చి బజ్జీల బండి వెనక ఉంటుంది. ఇద్దరు లోపలికి వెళ్తే మూడోవాడు బయట నిలబడాలి. దుకాణదారు బిళ్లను అందుకుని, మాట్లాడుతూనే, అలవాటు కొద్దీ సొరుగులోంచి రబ్బరు తీసి ఆ బంగారు పళ్ల మీద నాలుగుసార్లు రుద్దాడు. బడిపిల్లలు పెన్సిలు గీత చెరిపే రబ్బరే. తర్వాత దాన్ని తన దగ్గరున్న వేరే ల్యాప్‌టాప్‌లో పెట్టి ఆన్ చేశాడు. తెర వెలిగింది.

"సూడన్నా, మంచిగనే ఉంది. మీ మెషిన్లనే ఏదో ఉంది." అంతలో రబ్బరు వైపు చూసి, "గిదేంది, ఎర్రగ అంటింది? తుప్పు గాదు గదా, బంగారం పూత తుప్పు వట్టది" అన్నాడు. కాసేపు ఆలోచించి, "మీది నాచారం గదా. ఫ్యాక్టరీల గాలి, గట్లనే ఉంటది" అని తేల్చేశాడు. తవ్విపోసిన రోడ్డు వైపు చూస్తూ మా ఆయన నిలబడ్డాడు. నాచారం గాలి మీద ఎవరన్నా మాటంటే ఆయన ఊరుకునే మనిషి కాదు. ఆ రోజు ఊరుకున్నాడు.

ఇంటికొచ్చి పెట్టాడు. నేను పెరట్లో అంట్లు తోముతున్నాను. తోమి వచ్చేసరికి కూతలు వినిపిస్తున్నాయి.

ఆ మధ్యాహ్నమంతా మా ఆయన నేరం కరెంటు మీదికి నెట్టాడు. టెస్టరు పట్టుకుని బోర్డులన్నీ విప్పాడు. ఎర్తింగ్ సరిగ్గా లేదని, ఇంటి వెనక ఎర్తింగ్ గుంతలో ఉప్పు పోసి, బొగ్గు పోసి, బిందెలతో నీళ్లు పోశాడు. వచ్చే ఎండాకాలం దాకా ఆ గుంతకు దాహం వేయదు. తీగ పీకేసి బ్యాటరీ మీద ఆన్ చేసినా అలాగే కూస్తోంది కదా, ఇక కరెంటు తప్పేముందని నేనడిగాను. బిందె కిందపెట్టి ఆలోచించి, "అయితే కరెంటు గాదు" అన్నాడు. అది ముందే అడిగితే ఉప్పు మిగిలేది.

దుకాణదారు క్రైస్తవుడు. ఫోన్ చేస్తే, ఆదివారం ప్రార్థన అయ్యాక ఒక గంట మాకోసం తెరుస్తానన్నాడు, తెరిచాడు కూడా. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో చర్చి నుంచి నేరుగా వచ్చి షట్టరు లేపాడు. ఈసారి ల్యాప్‌టాప్‌నే తీసుకెళ్లాం. ఆయన అడుగు మూత తీసి, ఖాళీ అరలో బ్రష్షు పెట్టి తుడిచి, బ్లోయరు కొట్టి, బిళ్లను మళ్లీ రబ్బరుతో రుద్ది, టక్కుమని పెట్టి ఆన్ చేశాడు. మా తెర, మా అరిగిన బ్యాక్‌స్పేస్ ఉన్న మా ల్యాప్‌టాప్ తెర, ఒక్క కూత లేకుండా వెలిగింది. మెమరీ ఎంతుందో తీసి చూపించాడు. కావలసిన దానికన్నా ఎక్కువే ఉంది. ఆయన చెయ్యి పట్టుకుని దండం పెట్టాలనిపించింది.

అక్కడితో అయిపోవలసిందే. కానీ మా ఆయన స్క్రూడ్రైవర్ అడిగి తీసుకుని, మూత విప్పి, బిళ్లను బయటికి తీసి కాగితంలో చుట్టాడు.

"అట్లెందుకన్నా? ఉండనియ్యి" అన్నాడు దుకాణదారు.

"రోడ్డు జూసినవా? గుంతలు. స్కూటర్ మీద లోపలి పార్టు కదుల్తది" అన్నాడు మా ఆయన. ఫ్యాక్టరీలో మెషిన్‌ను ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిపేటప్పుడు ఊడే భాగాలన్నీ ఊడదీసి వేరుగా మోస్తారట. ముప్పావు టన్ను మెషిన్‌కు ఏ పద్ధతో, నా ఒళ్లో పెట్టుకునే ల్యాప్‌టాప్‌కూ అదే పద్ధతి. దుకాణదారు నావైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

ఇంటికి రాగానే, "అత్తమ్మకు అన్నం పెట్టు, నేను ఎక్కిస్త" అన్నాడు. ముందు పొయ్యి మీది చారు దించి, అన్నం కలిపి తీసుకొచ్చి అత్తమ్మకు తినిపిస్తూ ఉంటే, ఆయన వంటగదిలోకి వెళ్లి మళ్లీ ముందు గదిలోకి వెళ్లడం వినిపించింది. మంచినీళ్లకు అనుకున్నాను. కాసేపటికి కూతలు. మూడు, మళ్లీ మూడు.

నేను అన్నం ప్లేటు కింద పెట్టి ముందు గదిలోకి వచ్చాను.

"అక్కడ నడిచింది ఇక్కడెందుకు నడవది?"

"తెల్వదు."

"నీకు తెల్వదా? పిడికెడంత మోటార్‌ను కూడ మళ్లీ తిరిగేదాక వదలవు. దీనికి మాత్రం తెల్వదు. నేను పని జేసుడు నీకు ఇష్టం లేదు. అదొక్కటి జెప్పు, అయిపోతది."

ఆయన నా మొహం వైపు చూసి, బిళ్లను తీసి చొక్కా కొసతో తుడిచి పీట మీద పెట్టి, గేటు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. జవాబు చెప్పనివాణ్ని చూస్తే కోపం ఇంకా పెరుగుతుంది. నాకూ పెరిగింది. ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి వచ్చేసరికి ఏం చేయాలో తోచక, వెళ్లి అత్తమ్మ మంచం మీద కూర్చున్నాను.

"ఇయ్యాల ఎవలికి ఏమైందే?" అంది అత్తమ్మ.

"నాకే అయింది. రేపటి సంది నాకు పని లేదు. నీ కొడుకు ఆ బిళ్లను సరిగ్గ పెడితే గదా."

"వాడా?" అంది ఆమె, పెరుగన్నం నములుతూ. "వాడు గా బిళ్లను ఎక్కిచ్చేముందల్ల దేవుని కాడికి తీస్కపోతుండు గదనే. మొన్న తీస్కపోయిండు, నిన్న తీస్కపోయిండు, ఇయ్యాల గూడ తీస్కపోయిండు. పెండ్లిల గూడ వాడు గింత భక్తి జెయ్యలే."

"తీస్కపోయి ఏం జేస్తుండు?"

"నాకేం దెలుసు, ఈపు గనబడ్తది నాకు."

"మరి నాకు జెప్పలేదేంది అత్తమ్మా?"

"నన్నెవలు అడిగిన్రు?" అంది. నిజమే, ఎవరూ అడగలేదు.

అంతలో గేటు చప్పుడైంది. ఆయన లోపలికి వచ్చి, మా ఇద్దరి వైపు చూడకుండా, "ఇంకోపారి జూస్త" అని ముందు గదిలోకి వెళ్లాడు. పీట మీది బిళ్ల తీసుకుని మా మంచం పక్కనుంచే వంటగదిలోకి నడిచాడు. నేను చెప్పులు లేని కాళ్లతో వెనకే వెళ్లి తలుపు పక్కన నిలబడ్డాను.

దేవుని గూట్లో మా యాదగిరి నర్సింహస్వామి పటం ముందు, తమలపాకు లేక కరివేపాకు రెమ్మ పెట్టి, దాని మీద బిళ్లను పడుకోబెట్టాడు. కుంకుమ భరిణె తెరిచాడు. వేలు నీళ్లలో ముంచి, కుంకుమలో అద్ది, ఆ బంగారు పళ్ల వరుస మీద ఈ చివరినుంచి ఆ చివరిదాకా బొట్లు పెట్టుకుంటూ వచ్చాడు. శుక్రవారం నేను గడపకు పెట్టినట్టే, ఎడం సమానంగా, ఒక్కటి కూడా వంకర పోకుండా. పెట్టాక చేతులు జోడించాడు. మామూలుగా ఆయన దండం ఒక్క క్షణం. ఆ రోజు చాలాసేపు నిలబడి, పక్కింటాయనతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"సామీ, ఆమె పని ఆగనియ్యకు. ఆమెకు గదొక్కటే ఉంది. మా అమ్మను జూసుడు, నన్ను జూసుడు, గివన్ని జేస్తది గని, గది చెవుల పెట్టుకోని కూసున్నప్పుడే ఆమె మొఖం నిమ్మళంగ ఉంటది. ఏమన్న తప్పైతే నాది, ఆమెది గాదు."

నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయాను. ఈ మనిషి నేను పనిచేస్తుంటే నా మొహం చూస్తాడని నాకు తెలియదు. అన్నం తిని, ప్లేటు కడిగి, పడుకుంటాడనే అనుకున్నాను. అప్పుడు నాకు కలిగిన సంతోషం ఎలాంటిదో చెప్పడం నాకిప్పటికీ చేతకాదు. దాని వెంటనే, అంతే గట్టిగా, మూడు రోజులుగా ఆ కూతలు ఎందుకొస్తున్నాయో కూడా తెలిసింది.

"గిట్లనా, మూడు రోజుల సంది?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి, బిళ్లను వెనక దాచుకున్నాడు. దాచుకున్నా చేతి వేలు ఎర్రగానే ఉంది.

"కొత్త పార్టు బొట్టు పెట్టకుండ ఎట్ల ఎక్కిస్తరు?" అన్నాడు. తప్పు పట్టుబడ్డ మనిషిలా కాదు, నియమం చెప్పే మనిషిలా. ఫ్యాక్టరీలో కొత్త బేరింగ్ వేసినా, కొత్త బెల్టు వేసినా బొట్టు పెట్టాకే ఎక్కిస్తారట. ఒకసారి పెట్టకుండా ఎక్కించిన గేర్‌బాక్సు నెలతిరక్కుండా పోయిందట.

"పెడితే పెట్టినవ్, ఆ పండ్ల మీదనే ఎందుకు?"

"కరెంటు లోపలికొచ్చేది గాడికెళ్లే గదా. గడప లెక్క."

"మరి నాకు జెప్పి పెట్టొచ్చు గదా."

"నువ్వే గదా అన్నవ్, నీ బొట్లు దూరముంచుమని." మళ్లీ తనే, "దుకాణపాయన యేసు ప్రభువు మనిషి, బొట్టున్న బిళ్ల తీస్కపోతే ఏమనుకుంటడో అని తుడుసుకోని తీస్కపోయిన" అన్నాడు. అందరి మర్యాదా చూశాడు, బిళ్ల మర్యాద ఒక్కటి తప్ప.

నేను ఆయనకు కాంటాక్ట్ గురించి చెప్పబోయాను. ఆ పళ్లు అరలోని తీగలకు నేరుగా తగలాలి, మధ్యలో దుమ్ము పడినా చాలు అని మొదలుపెట్టాను. ఆయన మధ్యలోనే చెయ్యెత్తి ఆపాడు. బిళ్ల వైపు చూశాడు, వేలి వైపు చూశాడు. స్టార్టర్ కాంటాక్టుల మీద మసి పడితే మోటారు పట్టదని ఫ్యాక్టరీలో కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్పేది ఆయనే.

"కాంటాక్టు పోయింది" అన్నాడు చాలా నెమ్మదిగా.

"పోయింది."

"మూడు రోజుల సంది నేనే పోగొడుతున్న."

"అవును."

నడిమి గదిలోంచి అత్తమ్మ, "ఏమైందట?" అని కేకేసింది. నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. నేను నవ్వడం చూసి, నవ్వొచ్చా లేదా అని కాసేపు ఆలోచించి, అప్పుడు నవ్వాడు.

ఇంట్లో రబ్బరు లేదు. పక్కింటావిడ దగ్గర అడిగి తెచ్చాను. బిళ్లను నేను రుద్దాను. రబ్బరు ఎర్రబడింది, మళ్లీ రుద్దాను, తెల్లగా వచ్చేదాకా రుద్దాను. అరలో మిగిలిన కుంకుమను ఆయన పెయింటింగ్ బ్రష్షుతో దులిపి, ఊది, టార్చి పెట్టి చూసి, మళ్లీ ఊదాడు. బిళ్లను పెట్టేటప్పుడు చేతులు రెండుసార్లు కడిగి, రెండుసార్లు తుడుచుకున్నాడు. టక్కుమంది. మీట నన్ను నొక్కమన్నాడు.

కూత రాలేదు. తెర వెలిగింది. మేమిద్దరం కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం, టీవీలో ఏదో వస్తున్నట్టు.

ఆయన అడుగు మూత బిగించబోతుంటే ఆగమన్నాను. వెళ్లి కుంకుమ భరిణె తెచ్చి ఆయన ముందు పెట్టాను. "మూత మీద పెట్టు. బయట. పొడిగ" అన్నాను. ఆయన నా మొహంలోకి చూశాడు, ఎగతాళేమో అనుకుని. కాదని తెలిశాక, మూత బిగించి, దాని మధ్యలో ఒక్కటే బొట్టు పెట్టాడు. చిన్నది. తర్వాత భరిణె మూతపెట్టి, "ఇగ నడుస్తది" అన్నాడు. అప్పటికే నడుస్తోంది.

సోమవారం ఆయనకు మొదటి షిఫ్టు. పొద్దున లేచేసరికి ఇంట్లోనే ఉన్నాడు. ఎవరితోనో మాట్లాడి షిఫ్టు మార్చుకున్నానన్నాడు. పదింటికి సిస్టమ్స్ వాళ్లు ఫోన్ చేసి నా మెషిన్‌లోకి వచ్చారు. తెర మీద బాణం దానంతట అదే తిరుగుతుంటే మా ఆయన దగ్గరికొచ్చి చూసి, వెనక్కి వెళ్లాడు. సాఫ్ట్‌వేర్ ఎక్కింది. "మెమరీ ఓకే మేడమ్" అని వాళ్లు రాశారు. ఆ తర్వాత మొదటి ఫైలు వచ్చింది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని, పెడల్ మీద కాలు పెట్టాను. ఒక డాక్టరు గొంతు సవరించుకుని మోకాలి నొప్పితో వచ్చిన ఒక పెద్దావిడ గురించి మొదలుపెట్టాడు. నడిమి గదిలో అత్తమ్మ లేచినట్టుంది. ఆమె గొంతు హెడ్‌ఫోన్ దాటి వినిపిస్తుంది.

"ఏమే, ఇయ్యాల ఎవలికి ఏమైంది?"

"మెల్లగ మాట్లాడమ్మా" అన్నాడు మా ఆయన, గుసగుసగా. "ఎవలికి ఏం గాలే. ఆమె పని జేస్కుంటుంది."

నేను పెడల్ మీంచి కాలు తీశాను. డాక్టరు ఆగాడు. మా ఆయన ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు విన్నాను. అంతే అన్నాడు. మళ్లీ పెడల్ తొక్కాను.